పెంచుకున్న కుక్కను మరో ఇంటికి ఇవ్వాలా, వద్దా: తేల్చుకునే పద్ధతి

మన భాషలో ఈ పనికి మూడు మాటలున్నాయి: వదిలేయడం, వదిలించుకోవడం, అప్పగించడం. మొదటిది కుక్కను వీధిపాలు చేయడం. రెండోది ఎవరు ముందు అడిగితే వాళ్ల చేతిలో గొలుసు పెట్టి ఊపిరి పీల్చుకోవడం. మూడోది, దానికి ఏం కావాలో తెలుసుకుని, అది దొరికే ఇల్లు వెతికి, ఉన్న నిజాలన్నీ చెప్పి ఇవ్వడం. ఈ వ్యాసం మూడోదాని గురించి. అంతకంటే ముందు, అసలు అప్పగించాల్సిన అవసరం ఉందో లేదో తేల్చుకోవడం గురించి.

ఈ ఆలోచన పట్టుకున్నవాళ్లలో నాకు ఎక్కువగా కనిపించేది రెండు రకాలు. సోఫా చింపిన వారానికే ఇచ్చేద్దామనేవాళ్లు ఒకరు. పిల్లలను ఒక గదిలో, కుక్కను ఇంకో గదిలో పెట్టి, తలుపులు మూసుకుంటూ తెరుచుకుంటూ మూడేళ్లు నెట్టుకొచ్చి, "ఇంట్లో మనిషిలాంటిది, ఎలా ఇచ్చేస్తాం" అనేవాళ్లు ఇంకొకరు. మొదటివాళ్లు తొందరపడతారు, రెండోవాళ్లు నానుస్తారు. నానుస్తున్నవాళ్లను ఎవరూ తప్పుపట్టరు కాబట్టి ఆ నష్టం కంటికి కనపడదు. మూడేళ్లు మూసిన గదిలో గడిపింది కుక్కే.

కింద చెప్పే పనులన్నీ చివరికి ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికే: కుక్క వెళ్లిపోతే ఈ సమస్య దాని వెంటే వెళ్తుందా, మీ ఇంట్లోనే ఆగిపోతుందా?

ఇవాళే కరిచి ఉంటే

మిగతాదంతా పక్కన పెట్టండి. పన్ను దిగినా, గీరుకుపోయినా గాయాన్ని సబ్బు పెట్టి పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రేబిస్ టీకా అవసరమా, ఎన్ని డోసులు అన్నది డాక్టర్ చెప్పాలి. "మన కుక్కే కదా, దానికి సూదులు వేయించాం కదా" అని ఆగకండి.

కుక్కను మాత్రం ఆ కోపంలో ఎక్కడికీ పంపకండి. కరిచిన కుక్కను 10 రోజులు కళ్లముందు ఉంచుకుని గమనించడం రేబిస్ విషయంలో ఎక్కడైనా పాటించే పద్ధతి. కరిచిన రోజున దాని లాలాజలంలో వైరస్ ఉండి ఉంటే ఆ పది రోజుల్లోపే జబ్బు బయటపడుతుంది. అది కనపడకుండా పోతే ఇబ్బంది గాయపడ్డవాళ్లకే. వేరే గదిలో ఉంచి తిండీ నీళ్లూ పెడుతూ, పిల్లలను ఆ వైపు వెళ్లనీయకుండా చూసుకోండి. నిర్ణయం పదకొండో రోజు మొదలుపెట్టొచ్చు.

1. రెండు వారాలు రాసి చూడండి

"అల్లరి ఎక్కువైంది", "మాట వినట్లేదు", "ఇక మా వల్ల కాదు". ఇలాంటి మాటల మీద నిర్ణయం నిలబడదు. ఒక నోటుబుక్కు పెట్టి, ప్రతిసారీ ఏం చేసింది, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది అని రాయండి. ఫోన్‌లో వీడియో తీయగలిగితే తీయండి, డాక్టరుకీ ట్రైనరుకీ చూపించడానికి పనికొస్తుంది.

ఈ పుస్తకం ఒక్కోసారి లెక్కలన్నీ మార్చేస్తుంది. రోజంతా మొరుగుతోందనుకున్న కుక్క, వీధిలో జనం తిరిగే ఆ సాయంత్రం గంటన్నరే మొరుగుతోందని తేలవచ్చు. అందరి మీదికీ వస్తోందనుకున్నది, గిన్నె దగ్గరికి వెళ్లినవాళ్ల మీదికే వస్తోందని తేలవచ్చు. లెక్క ఇందుకు తలకిందులు కావడం కూడా ఉంది. "ఎప్పుడో ఒకసారి గుర్రుమంటుంది లెండి" అనుకున్నది పద్నాలుగు రోజుల్లో పదకొండుసార్లు కనిపిస్తుంది, అందులో తొమ్మిదిసార్లు పక్కన ఉన్నది నడక నేర్చుకుంటున్న పిల్లవాడే.

అదే పుస్తకంలో వెనక పేజీ నుంచి మీ గురించి రాయండి. ఇవాళ దాన్ని ఎవరు నడిపించారు, ఎన్ని నిమిషాలు, ఎన్ని గంటలు ఒంటరిగా ఉంది, ఎంతసేపు కట్టేసి ఉంది. ముందు పేజీలు చకచకా నిండుతాయి. వెనక పేజీలకే చెయ్యి రాదు. అయినా రాయండి, ఇది ఎవరికీ చూపించక్కర్లేదు.

2. వెటర్నరీ డాక్టరుకు చూపించకుండా ముందుకు వెళ్లకండి

ఇది మామూలు టీకాల కోసం వెళ్లే విజిట్ కాదు. "ప్రవర్తన మారింది, ఎక్కడైనా నొప్పి ఉందేమో చూడండి" అని విడిగా అడగాలి. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో డేనియల్ మిల్స్ బృందం 2020లో ప్రచురించిన వ్యాసంలో, ప్రవర్తన సమస్యలతో నిపుణుల దగ్గరికి వచ్చే కేసుల్లో తక్కువలో తక్కువ మూడో వంతు వాటిలో ఏదో ఒక నొప్పి ఉంటుందని, కొన్నిచోట్ల ఆ లెక్క ఇంకా చాలా ఎక్కువని రాశారు. తుంటి కీలు అరుగుదల, చెవిలో ఇన్ఫెక్షన్, పుచ్చిన పన్ను, వెన్నునొప్పి, వీటిలో ఏదీ పైకి కనపడదు. కుక్క కుంటకపోవచ్చు, మూలగకపోవచ్చు. ఎత్తుకోబోతే మాత్రం కరవబోతుంది.

ముఖ్యంగా ఉన్నట్టుండి వచ్చిన మార్పును జబ్బుగానే అనుమానించండి. ఏళ్ల తరబడి శుభ్రంగా ఉన్న కుక్క ఇంట్లో తడపడం మొదలుపెడితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, కిడ్నీ సమస్య, ఇవన్నీ చూడాలి. ముసలి కుక్క రాత్రుళ్లు తిరుగుతూ, గోడల వైపు చూస్తూ, తెలిసినవాళ్లను గుర్తుపట్టకపోతే అది మనుషుల్లో మతిమరుపు జబ్బులాంటిదే కావచ్చు. అలాంటి ముసలిదాన్ని కొత్త ఇంటికి పంపితే దానికి మిగిలిన కొద్దిపాటి ఆనవాళ్లు కూడా పోతాయి. మందులతో, కాస్త సర్దుబాటుతో మీ దగ్గరే గడవనివ్వడం మేలు.

3. దాని వయసు లెక్కపెట్టండి

కుక్కలకూ కుర్రతనం ఉంటుంది. సుమారు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా, పెద్ద జాతుల్లో రెండేళ్ల దాకా. బ్రిటన్‌లో లూసీ ఆషర్ బృందం 2020లో ప్రచురించిన పరిశోధనలో ఐదు నెలల వయసులో మాట విన్న కుక్కలు ఎనిమిది నెలల వయసుకు వచ్చేసరికి తమ యజమాని మాట వినడం తగ్గించాయి, కొత్తమనిషి చెబితే మాత్రం విన్నాయి. టీనేజీ పిల్లలున్న ఇళ్లలో ఇది చదివి ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ దశ దాటాక మళ్లీ దారికొచ్చాయి.

మీ కుక్క ఎనిమిది, తొమ్మిది నెలలదై, ఫిర్యాదు కొరకడం, లాగడం, ఎగిరి మీద పడటం, పిలిస్తే రాకపోవడం అయితే మీరు దాని జీవితంలోకెల్లా కష్టమైన రోజుల్లో తీర్పు చెబుతున్నారన్నమాట. ఆరు నెలలు ఆగగలిగితే ఆగండి. అయితే వయసుతో పోనిది ఒకటుంది, జాతి స్వభావం. మందలు తోలడానికో, బండ్లు లాగడానికో తరతరాలుగా తయారుచేసిన కుక్క రెండేళ్లు వచ్చినా ఊరికే కూర్చోదు. బోర్డర్ కోలీ, హస్కీ, బెల్జియన్ మాలినోయిస్ లాంటివాటిని ఫొటో చూసి తెచ్చుకున్న ఇళ్లలో సమస్య సాధారణంగా ఇదే. దానికి పని కావాలి, మీ దగ్గర పని లేదు. కుక్క తప్పూ కాదు, శిక్షణతో పూర్తిగా తీరేదీ కాదు.

4. ఆగిపోయేదా, వెంట వెళ్లేదా

ఇప్పుడు నోటుబుక్కు ముందు పెట్టుకుని అసలు ప్రశ్నకు రండి. కొన్ని సమస్యలు మీ ఇంటికీ ఆ కుక్కకూ మధ్య మాత్రమే ఉంటాయి. ఇల్లు మారితే అవి మాయమవుతాయి. అలాంటిచోట అప్పగించడం నిజంగా మంచి పని, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంట్లో రెండు కుక్కలుండి ఒకదాన్నొకటి గాయపరుచుకుంటూ ఉంటే, ముఖ్యంగా రెండూ ఆడకుక్కలైతే, ఆ పగ తేలిగ్గా చల్లారదు. ఏళ్లపాటు గదులు మార్చి మార్చి ఉంచడం కంటే ఒకదానికి ఒంటరి కుక్కగా బతికే ఇల్లు చూడటం రెండింటికీ సుఖం. పిల్లల గోలకు భయపడి మంచం కింద నుంచి రాని కుక్క, పిల్లలు లేని పెద్దవాళ్ల ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకుంటుంది. రోజుకు పన్నెండు గంటలు ఇల్లు తాళం వేసి ఉండే ఉద్యోగాలు, సంరక్షణ చేసే మనిషికే మంచం పట్టే జబ్బు, బతుకుతెరువు పోవడం, ఇవీ ఈ కోవలోవే. డబ్బు ఇబ్బంది కొద్ది నెలలదే అనిపిస్తే మాత్రం తాత్కాలికంగా ఎవరైనా ఉంచుకుంటారేమో ముందు అడగండి. మూడు నెలల కష్టానికి పన్నెండేళ్ల తోడును ఇచ్చేసుకోవద్దు.

అలర్జీ గురించి కాస్త విడిగా చెప్పాలి. ముందు పరీక్ష చేయించి కుక్క వల్లే అని తేల్చుకోండి, దుమ్ములోని సూక్ష్మ పురుగుల వల్ల కూడా అవే తుమ్ములు వస్తాయి. కుక్క అలర్జీకి కారణం దాని బొచ్చు కాదు, లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. అందుకే అలర్జీ రాని జాతి అంటూ ఏదీ లేదు. పడకగదిలోకి రానివ్వకపోవడం, వారానికి రెండుసార్లు స్నానం, సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్, డాక్టర్ ఇచ్చే మందులు, ఇవన్నీ కలిపితే చాలామందికి సర్దుకుంటుంది. "వారం రోజులు ఎక్కడైనా ఉంచి చూద్దాం" అనే పరీక్ష పనిచేయదు, ఎందుకంటే ఆ ప్రొటీన్లు పరుపుల్లో, కర్టెన్లలో వారాలు, నెలలు ఉండిపోతాయి. మందులు వాడుతున్నా పిల్లకు ఆస్తమా అదుపులోకి రావట్లేదని డాక్టర్ చెబితే ఇక ఆలోచించాల్సింది లేదు. కుక్కకు వేరే ఇల్లు చూడండి.

గర్భిణి ఉన్న ఇంట్లో కుక్క ఉండకూడదనే మాట మాత్రం నమ్మకండి. అందరూ భయపెట్టే టాక్సోప్లాస్మా క్రిమి గుడ్లు పిల్లిజాతి మలం నుంచే బయటికి వస్తాయి, కుక్క నుంచి కాదు. బిడ్డ పుట్టకముందే కుక్కకు కొత్త అలవాట్లు నేర్పడం, బిడ్డను దానితో ఒంటరిగా వదలకపోవడం, ఇవి చేస్తే చాలు. కాన్పు భయంతో ఇచ్చేసిన కుక్కల్లో చాలావాటిని ఇవ్వక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

ఇక కుక్క వెంట వెళ్లేవి. ఒంటరిగా వదిలితే ప్రాణం పోతున్నట్టు అరవడం, తలుపు గీకి గోళ్లు విరగ్గొట్టుకోవడం అలాంటిది. కొత్త ఇంట్లోనూ అదే చేస్తుంది, పైగా ఇల్లు మారడం దాన్ని ఇంకా పెంచొచ్చు. దీనికి వైద్యం ఉంది. క్షణాలతో మొదలుపెట్టి నిమిషాలు, గంటలకు ఒంటరితనం అలవాటు చేసే శిక్షణ, దానికి తోడు డాక్టర్ రాసిచ్చే ఫ్లుయాక్సెటిన్ లేదా క్లోమిప్రమైన్ లాంటి మందు. మందు ప్రభావం కనపడటానికే కొన్ని వారాలు పడుతుంది కాబట్టి వారంలో ఆపేసి "మందులూ వాడాం" అనకండి. ఇవేవీ మీ వల్ల కాకపోతే, దీనికి సరైన ఇల్లు "మంచి ఇల్లు" కాదు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఇల్లు. అప్పగించేటప్పుడు వెతకాల్సింది అది.

ఇంకో మాట బయటికి చెప్పడానికి అందరూ ఇబ్బంది పడతారు. ఏ జబ్బూ లేదు, కరవదు, అయినా ఇంట్లో ఎవరికీ దాని మీద ప్రేమ లేదు. పెరట్లో గొలుసు, రోజుకు రెండుసార్లు గిన్నె, అంతే. పిల్లలు అడిగారని తెచ్చారు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇదీ కారణమే, నిఖార్సైన కారణం. పదేళ్లు అలా కట్టేసి ఉంచి "మేం ఎప్పుడూ ఇచ్చేయలేదు" అని చెప్పుకోవడంలో కుక్కకు ఒరిగేదేమీ లేదు.

5. కరిచే కుక్క

ఇక్కడ నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే రెండువైపులా ప్రాణాలున్నాయి.

ముందు, కరవడం అంటే ఎంత అన్నది తేల్చండి. వెటర్నరీ డాక్టర్, కుక్కల ప్రవర్తన నిపుణుడు ఇయాన్ డన్‌బార్ కాటును ఆరు స్థాయిలుగా విడదీశారు, శిక్షకులు ఇప్పటికీ దాన్నే వాడతారు. ఒకటో స్థాయి, పళ్లు తగలకుండా గాల్లో కొరకడం. రెండు, పళ్లు తగిలినా దిగకపోవడం. మూడు, ఒకే కాటులో ఒకటి నుంచి నాలుగు గాట్లు, లోతు కోరపన్ను పొడవులో సగం దాటదు. నాలుగు, అందులో ఒక్కటైనా సగం కంటే లోతుగా దిగడం, పట్టుకుని విదిలించడం. ఐదు, అలాంటి లోతైన కాట్లు రెండు లేదా అంతకంటే ఎక్కువ. ఆరు, ప్రాణం పోవడం.

ఒకటి, రెండు స్థాయిల్లో ఉన్న కుక్క నిజానికి తనను తాను అదుపులో పెట్టుకుంటోంది. కరవాలనుకుంటే పన్ను దిగేది. శిక్షణకు లొంగే అవకాశం బాగా ఉంది. మూడో స్థాయి దగ్గర నిపుణుల సాయం తప్పనిసరి. నాలుగు దాటితే అది ఇల్లు మార్చితే తీరే విషయం కాదు.

స్థాయి ఒక్కటే చాలదు. ముందు హెచ్చరిస్తుందా లేదా చూడండి. కుక్క కరవడానికి ముందు ఎన్నో చెబుతుంది. అలసట లేకుండా ఆవలించడం, ముక్కు నాక్కోవడం, మొహం తిప్పుకోవడం, లేచి వెళ్లిపోవడం, బిగుసుకుపోయి కళ్లార్పకుండా చూడటం, ఆ తర్వాత గుర్రుమనడం. తోక ఊపుతోందని ధీమా పడకండి, బిగుసుకుపోయిన ఒంటితో కూడా తోక ఊపుతుంది. గుర్రుమన్నప్పుడల్లా కొట్టిన కుక్క గుర్రుమనడం మానేస్తుంది, కరవడం మానదు. "చెప్పాపెట్టకుండా కరిచింది" అనే కుక్కల్లో కొన్నింటి వెనక ఈ చరిత్ర ఉంటుంది.

తర్వాత, ఎదురుగా ఎవరున్నారు. గిన్నె దగ్గరికి వస్తే గుర్రుమనే కుక్కను ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో వేరే గదిలో తిండి పెట్టి పదేళ్లు హాయిగా పెంచొచ్చు. అదే కుక్క పాకే పిల్లవాడున్న ఇంట్లో ప్రమాదం. పిల్లలను కరిచేవాటిలో ఎక్కువ భాగం వాళ్లకు తెలిసిన కుక్కలే, పిల్లల ఎత్తు వల్ల గాయాలు మొహం మీదే అవుతాయి. "మేం కనిపెట్టుకుని ఉంటాం" అని రోజుకు పద్నాలుగు గంటలు ఎవరూ ఉండలేరు. కాలింగ్ బెల్ మోగుతుంది, కుక్కర్ విజిల్ వేస్తుంది, పెద్దపిల్ల తలుపు తీసి మర్చిపోతుంది. మీ ఇంట్లో అందరి భద్రత ఒక తలుపు గడియ మీద ఆధారపడి ఉంటే, ఆ గడియ ఎప్పుడో ఒకరోజు పడదు అనుకుని లెక్కవేసుకోండి.

ఇలాంటి కుక్కకు పిల్లలు లేని, అనుభవమున్న ఇల్లు దొరికితే అప్పగించడం సరైన నిర్ణయమే. ఎందుకంటే సమస్య మీ ఇంట్లో ఆగిపోతుంది. కారణం తెలియకుండా, హెచ్చరిక లేకుండా, పెద్దవాళ్లను కూడా లోతుగా కరిచిన కుక్క సంగతి వేరు. ఆ విషయం దాచి ఇంకొకరికిస్తే మీ ఇంటి ప్రమాదాన్ని ఇంకొకరి పిల్లల మధ్యకు పంపినట్టే. అలాంటి కుక్కలను జీవితాంతం సురక్షితంగా ఉంచగల ఆశ్రయాలు చాలా తక్కువ, ఉన్నవి నిండి ఉంటాయి. బోనులో ఒంటరిగా గడిపే ఏళ్లను బతుకు అనాలా అన్నది కూడా ఆలోచించాలి. ప్రవర్తనా వైద్యం తెలిసిన వెటర్నరీ డాక్టర్ చూసి, ఇక దారి లేదని చెబితే, తన మనిషి చెయ్యి తల మీద ఉండగా ఇచ్చే కారుణ్య మరణం కూడా ఒక దారి. రాయడానికే కష్టంగా ఉంది. కానీ ఈ పరిస్థితిలో ఉన్న కుటుంబాలకు ఈ మాట ఎవరూ చెప్పకపోవడం వల్ల, తామొక్కరే ఇంత దుర్మార్గులమేమో అనుకుంటూ కుమిలిపోతుంటారు.

6. గడువు పెట్టి ప్రయత్నించండి

ఎవరికీ ప్రాణహాని లేకపోతే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఒక నిజమైన ప్రయత్నం చేయండి. నిజమైన అంటే, పొద్దున ఎవరు నడిపిస్తారు, సాయంత్రం పది నిమిషాల శిక్షణ ఎవరిది, కుక్కనూ పిల్లలనూ విడిగా ఉంచే అడ్డగేటు ఎక్కడ పెడతాం అన్నవి పేర్లతో సహా ఫ్రిజ్ మీద అంటించడం. బయటివాళ్లను కరుస్తుందనే భయం ఉంటే మూతికి తొడిగే, బుట్టలా ఉండే మజిల్ అలవాటు చేయండి. అందులో నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు. కొట్టి, షాక్ కాలర్లు పెట్టి దారికి తెస్తామనే ట్రైనర్ల జోలికి వెళ్లకండి, భయంతో కరిచే కుక్కకు ఇంకో భయం తోడవుతుంది.

గడువు చివర నోటుబుక్కు మళ్లీ తీయండి. లెక్క తగ్గిందా? సగానికి తగ్గినా కొనసాగించండి. తగ్గకపోతే ఎందుకని చూడండి. ఫ్రిజ్ మీద కాగితం అలాగే ఉండి పనులు జరగలేదంటే దానికీ విలువుంది. ఈ ఇంట్లో ఈ కుక్కకు అవసరమైనది జరగదని మీకు మీరే చూపించుకున్నారు. అలాంటప్పుడు ఇంకో గడువు పెట్టకండి.

7. ఇంట్లోవాళ్లతో మాట్లాడటం

నిర్ణయం పెద్దవాళ్లది. పిల్లలను ఓటు వేయమనకండి, ఆ బరువు వాళ్ల మీద పెట్టకూడదు. కానీ అబద్ధం చెప్పకండి. "పారిపోయింది" అంటే నెలల తరబడి కిటికీ దగ్గర నిలబడతారు. "నువ్వు సరిగ్గా చూసుకోలేదు కాబట్టి ఇచ్చేశాం" అన్నది అంతకంటే ఘోరం. "చెల్లి దగ్గర దానికి భయం వేస్తోంది, భయం లేని ఇంట్లో ఉంటుంది" అని ఉన్నదే చెప్పి, వీడ్కోలు చెప్పే అవకాశం ఇవ్వండి.

అందరినీ తొలిచే ప్రశ్న ఒకటుంది. అది మనల్ని తలచుకుని తలచుకుని చచ్చిపోతుందేమో? కుక్కకు తన మనిషితో గట్టి అనుబంధం ఉంటుంది, మొదటి రోజుల్లో తిండి మానడం, తలుపు దగ్గర కూర్చోవడం జరుగుతాయి. అదే సమయంలో హంగరీలో మార్తా గాచి బృందం 2001లో ప్రచురించిన పరిశోధన చూడండి. ఆశ్రయ కేంద్రాల్లో ఉన్న పెద్ద కుక్కలతో ఒక కొత్త మనిషి పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు మాత్రమే గడిపితే, వాటిలో ఆ మనిషి పట్ల అనుబంధం చిగురించిన లక్షణాలు కనిపించాయి. కుక్క మళ్లీ ప్రేమించగలదు. ఇది వినగానే కొంచెం ఊరట, కొంచెం ఉక్రోషం రెండూ కలుగుతాయి, మామూలే.

8. ఇల్లు వెతకడం

మొదట కుక్కను తెచ్చుకున్న చోటికే ఫోన్ చేయండి. బాధ్యతగల పెంపకందార్లు, సంస్థలు వెనక్కి తీసుకుంటామని ఒప్పందంలోనే రాస్తారు, ఇంకొకరికి ఇవ్వొద్దనే షరతు కూడా ఉండొచ్చు. తర్వాత దాన్ని ఇప్పటికే ఎరిగినవాళ్లు: సెలవుల్లో ఉంచుకున్న బంధువులు, రోజూ పార్కులో కలిసేవాళ్లు. ఆపైన మీ వెటర్నరీ డాక్టర్, ట్రైనర్, జంతు సంక్షేమ సంస్థలు. అపరిచితులకు ఆన్‌లైన్‌లో ప్రకటన ఆఖరిది. అందులో "ఉచితంగా ఇస్తాం, వెంటనే తీసుకెళ్లండి" అని రాయకండి. పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్లు, కుక్కల పందేలవాళ్లు వెతికేది ఆ మాట కోసమే. ఇచ్చేముందు సంతానం కలగని ఆపరేషన్ చేయిస్తే మొదటి రకంవాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు.

వచ్చినవాళ్లను అడగాల్సినవి అడగండి. రోజులో ఎన్ని గంటలు ఇల్లు ఖాళీ? ఇంతకుముందు కుక్క ఉండేదా, దానికేమైంది? అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఒకసారి వాళ్ల ఇంటికి వెళ్లి చూడండి. మీ ప్రశ్నలకు చిరాకుపడేవాళ్లకు ఇవ్వకండి. తిరిగి మిమ్మల్ని బోలెడు ప్రశ్నలు అడిగేవాళ్లు దొరికితే సంతోషించండి.

మీరూ ఏదీ దాచకండి. కరిచిన ప్రతిసారీ, ఎవరిని, ఎందుకు, ఎంత లోతుగా అన్నది రాసి ఇవ్వండి. ఉరుములకు ఏం చేస్తుంది, ఏ మందులు వాడుతోంది, టోపీ పెట్టుకున్నవాళ్లంటే పడదు, ఇలాంటివన్నీ. నిజం వింటే తీసుకోరేమోనని భయం ఉంటుంది. దాచి ఇస్తే మూడో వారంలో అది మూడో ఇంటికి వెళ్తుంది, ఆ తర్వాత ఎక్కడికో మీకు తెలియదు.

9. అప్పగించే రోజు, ఆ తర్వాత

వీలైతే రెండు మూడుసార్లు కలవనిచ్చి, రెండు వారాల ట్రయల్ మాట్లాడుకోండి. కుదరకపోతే ఎవరికీ ఇవ్వకుండా మాకే తిరిగివ్వాలి అని కాగితం మీద రాసుకోండి. టీకాల పుస్తకం, మందుల చీటీలు ఇవ్వండి. చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉంటే ఆ 15 అంకెల నంబరు కింద కొత్త యజమాని పేరు, ఫోన్ నంబరు మార్పించడం మరిచిపోవద్దు.

దాని పరుపో, దుప్పటో ఉతక్కుండా ఇవ్వండి, వాసన తోడుగా వెళ్తుంది. వారం పది రోజులకు సరిపడా పాత తిండి కూడా ఇచ్చి, కొత్తది కొంచెం కొంచెంగా కలపమనండి. మొదటి రోజుల్లో కొత్త ఇంటి గేటు దాటి పాత ఇంటికి వెళ్లబోయి తప్పిపోయే కుక్కలు చాలా ఉంటాయి. మెడకు బెల్టూ, ఛాతీకి తొడిగే హార్నెస్సూ రెండూ వేసి, రెండు తాళ్లతో నడిపించమని, కొన్ని వారాలు బయట వదలొద్దని గట్టిగా చెప్పండి. బయల్దేరేటప్పుడు కౌగిలించుకుని ఏడవకండి. మీ ఏడుపు దానికి కంగారు. మామూలుగా నడిపించుకెళ్లి, మామూలుగా వచ్చేయండి, ఏడుపు కారులో.

షెల్టర్లవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక మోటు లెక్క చెబుతారు. బెరుకు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. ఆ మూడు నెలలూ చూడటానికి వెళ్లకండి, ఫోన్ సరిపోతుంది. తిరిగి వచ్చే అవకాశం కూడా ఉంటుంది కాబట్టి దాని రెండో గిన్నె అప్పటిదాకా ఎవరికీ ఇచ్చేయకండి. ఫోన్ చేసినప్పుడు "మేం గుర్తున్నామా" అని అడగాలనిపిస్తుంది. దానికి వాళ్లేం చెప్పగలరు? రాత్రి ఎక్కడ పడుకుంటోందో అడగండి. మొదట్లో తలుపు దగ్గర అంటారు, తర్వాత హాల్లో అంటారు. మంచం పక్కన అన్న రోజు గిన్నె తీసేయొచ్చు.